కొండవాగు వెంట అడవి నడక: ముందుచూపే రక్షణ
(ప్రత్యేక వ్యాసం)

తిరుపతి: జిల్లాలోని ఎర్రావారిపాలెం మండలంలో, శేషాచలం కొండల నడుమ నెలకొన్న తలకోన ప్రకృతి ప్రియులను విశేషంగా ఆకర్షిస్తున్నది. సుమారు 270 అడుగుల ఎత్తు నుండి జాలువారే జలపాతం, సిద్ధేశ్వరస్వామి ఆలయం, మహావృక్షాలను పెనవేసుకొని సాగే గిల్లతీగ ఇక్కడి ప్రత్యేకతలు. ఈ అడవులు 1989లో ఏర్పాటైన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోను, 2010లో ప్రకటించిన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వులోను భాగంగా ఉన్నాయి.

ఇటువంటి చోట వాగు వెంట పూట నడకకు పెద్ద సన్నాహం అవసరం లేదని పలువురు భావిస్తారు. అయితే దూరం స్వల్పమైనంత మాత్రాన ప్రమాదం స్వల్పం కాదు. కొండవాగు వద్ద ప్రాణరక్షణకు సంబంధించిన నిర్ణయాలలో అధికభాగం ఇంటి నుండి బయలుదేరక ముందే తీసుకోవలసినవి.

ఎగువ వానే కొలమానం

శేషాచలం కొండలలో గట్టి క్వార్ట్‌జైట్ శిలలు, నిట్టనిలువు చరియలు అధికం. బండపై పడిన వాననీరు నేలలోకి ఇంకే అవకాశం తక్కువ కావడంతో అది వేగంగా వాగులోకి చేరుతుంది. మనం నిలుచున్న చోట ఎండ కాస్తున్నప్పటికీ, ఎగువన కురిసిన వాన కొద్దిసేపటిలోనే వాగును ముంచెత్తగలదు. 2021 నవంబరులో కురిసిన భారీ వర్షాలకు ఇవే కొండలలోని తిరుమల కనుమదారులు, మెట్లమార్గాలు వరద నీటితో నిండి రాకపోకలు స్తంభించిన సంగతి విదితమే.

కావున బయలుదేరే ముందు రోజు, తిరిగి ఆ రోజు ఉదయం వాతావరణ శాఖ, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ హెచ్చరికలను పరిశీలించాలి. ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఉన్నట్లయితే ప్రయాణాన్ని వాయిదా వేసుకోవడమే వివేకం. ఈశాన్య రుతుపవనాల కాలమైన అక్టోబరు నుండి డిసెంబరు వరకు మరింత జాగ్రత్త అవసరం.

నడకలో ఉండగా తేటనీరు బురదరంగుకు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకువస్తున్నా, నీటిహోరు పెరిగినా అవి వరదకు సంకేతాలుగా గుర్తించాలి. సామగ్రి కోసం ఆగక వెంటనే గట్టు ఎక్కి ఎత్తయిన ప్రదేశానికి చేరుకోవాలి. వాగు వెంటే దిగువకు పరుగెత్తరాదు. మోకాలు దాటిన ప్రవాహాన్ని దాటే ప్రయత్నం చేయరాదు. నీరు తగ్గే వరకు ఇవతలి గట్టునే వేచి ఉండాలి.

సమయ నిర్ణయం

పర్వతారోహకులలో చిరకాలంగా ఒక లెక్క వాడుకలో ఉంది. 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా మరొక గంట. ఉదాహరణకు రానుపోను 6 కిలోమీటర్ల దూరం, 200 మీటర్ల ఎక్కుడు ఉన్న నడకకు ఈ లెక్కన సుమారు గంటన్నర పడుతుంది. నాచు పట్టిన బండలు, పిల్లలు, వృద్ధుల నడకను దృష్టిలో ఉంచుకొని దానిని రెట్టింపు చేసి, విశ్రాంతికి మరొక గంట కలిపితే మొత్తం 4 గంటలు. ఉదయం 8 గంటలకు బయలుదేరినవారు మధ్యాహ్నం 12 గంటలకు తిరిగి రాగలుగుతారు. గమ్యం చేరినా చేరకున్నా 10.30 గంటలకల్లా వెనుదిరగాలని ముందే నిశ్చయించుకోవాలి.

వేళ పాటించడానికి మరొక కారణం వన్యప్రాణులు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన విషాదం తరువాత, 15 సంవత్సరాలలోపు పిల్లలను మధ్యాహ్నం 2 గంటల అనంతరం ఆ దారిలో అనుమతించరాదని దేవస్థానం ఆంక్ష విధించింది. అడవిలో పిల్లలు పెద్దల మధ్యలోనే నడవాలి, బృందం విడిపోరాదు.

పాటించవలసిన జాగ్రత్తలు

జాతీయ ఉద్యానవనంలో ప్రవేశానికి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. నిప్పు రాజేయడం, మొక్కలను, వన్యప్రాణులను సేకరించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎర్రచందనం పుల్లను సైతం తాకరాదు.

ఒక్కొక్కరికి 2 లీటర్ల తాగునీరు, జారని పాదరక్షలు, టార్చిలైటు, ప్రథమ చికిత్స సామగ్రి వెంట ఉండాలి. జలపాతం కింది మడుగుల లోతు, అడుగున ఉన్న బండలు పైకి కనిపించవు. వాటిలోకి దూకి ప్రాణాలు కోల్పోయిన సంఘటనలు ఉన్నాయి. పాము కాటు వేస్తే గాయాన్ని కోయడం, బిగించి కట్టడం చేయక, బాధితుని కదలనీయకుండా ఆసుపత్రికి చేర్చాలి. అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108 నెంబర్లను సంప్రదించవచ్చు. అడవిలో సెల్‌ఫోన్ సంకేతాలు అందకపోవచ్చు గనుక, ఏ దారిన వెళుతున్నదీ, ఎన్ని గంటలకు తిరిగి వచ్చేదీ ఇంటివద్ద ఒకరికి తెలియజేసి వెళ్లడం అవసరం. చెప్పిన వేళకు రాకపోతే గాలింపు ఎక్కడ మొదలుపెట్టాలో దానివలననే తెలుస్తుంది.

వర్ష హెచ్చరికలను ప్రచురించే సందర్భంలో దిగువనున్న పర్యాటక స్థలంతో పాటు, వాగు పుట్టే ఎగువ కొండ ప్రాంతం పేరును కూడా పేర్కొన్నట్లయితే పాఠకులకు ముప్పు ఎటునుండి రాగలదో స్పష్టమవుతుంది. విహారయాత్రలకు అనుమతులు ఇచ్చే విద్యాశాఖ, పర్యాటక శాఖల అధికారులు బయలుదేరే వేళ, వెనుదిరిగే వేళ ముందుగా రాతపూర్వకంగా తీసుకోవడం ప్రయోజనకరం. జలపాతం రేపు కూడా అక్కడే ఉంటుంది. వెళ్లినవారందరూ క్షేమంగా ఇల్లు చేరడమే నడక ప్రణాళిక పరమార్థం.

(జారీ: పౌర సంబంధాల అధికారి)