ఉద్యోగం మానేశాక లెక్క అడిగేదెవరు?

అగ్రికల్చర్ డిప్లొమా చేసి, ఉద్యోగం మానేసి, కొండాపురంలో సొంత సేద్యం చేస్తున్నాను. ఇక్కడ హాజరు పట్టీ లేదు, అడిగే ఆఫీసరు లేడు. వదిలేస్తే ఈ రోజు పని రేపటికి జరుగుతానే ఉంటుంది.

అందుకే జీవామృతం డ్రమ్ము మీద తేదీ రాస్తాను. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఉదయం, సాయంత్రం కలపాల. 48 గంటలకు తయారు. వారంలోపు వాడేయాల. ఆ తేదీయే నాకు ఆఫీసరు.

రెండోది పీజీఎస్ గ్రూపు. కనీసం ఐదుగురు రైతులుండాల. ఒకరి చేను ఇంకొకరు తనిఖీ చేస్తారు, రాసిన పుస్తకం చూస్తారు. గట్టు మీద నిలబడిన సాటి రైతుకు సాకులు చెప్పలేం.

ఉద్యోగం మానాలనుకునే తమ్ముళ్లూ, ముందు మీ చేను చూసే నలుగురిని వెతుక్కోండి.