కంప్యూటరులో రెండు విండోసులు

కంప్యూటరు మందగించినదనియో, మాటిమాటికి ఆగిపోవుచున్నదనియో అందలి ఆపరేటింగ్ సిస్టమును మరల మొదటినుండి ఎక్కించుట మనలో అనేకులు చేయు పనియే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసినందున ఈ పనికి మరియొక కారణము కూడ ఏర్పడినది. పని ముగిసి యంత్రమును తెరచినప్పుడు కొందరికి ఒక వింత ఎదురగును. తెరమీద ఒక ప్రశ్న కనిపించును: ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కావలెను? దాని క్రింద రెండు పేర్లు. ఒక్కొక్కసారి ఆ రెండు పేర్లును ఒకటే! మనము ఏమియు చెప్పకున్నచో 30 సెకన్లు వేచియుండి యంత్రము తానే ఒకదానిని ఎన్నుకొనును.

ఒకే యంత్రములో రెండు వ్యవస్థలను కోరి పెట్టుకొనువారు ఉన్నారు. కాని ఇది కోరకయే వచ్చినది. పాతదానిని చెరిపివేసిన సరిపోవునుగదా అని ఎవరికైనను తోచును. ప్రమాదమంతయు ఇచ్చటనే ఉన్నది. పాతదానిని చెరిపిన మరుక్షణమునుండి క్రొత్తది కూడ లేవకపోవచ్చును. ఎన్నియో ఏండ్ల ఫొటోలు, ఉత్తరములు, లెక్కలు పాతదానితోపాటు పోవచ్చును. ఇట్లేల జరుగునో తెలియవలెనన్న, కంప్యూటరు ఎట్లు మేల్కొనునో మొదట తెలిసికొనవలెను.

యంత్రము మేల్కొను విధము

మీట నొక్కిన క్షణమున కంప్యూటరు పనిచేయు జ్ఞాపకము, అనగా ర్యామ్, ఖాళీగా ఉండును. డిస్కులోని ప్రోగ్రాములను తెచ్చి ర్యామ్‌లో నిలుపుట ఆపరేటింగ్ సిస్టము పని. కాని ఆ ఆపరేటింగ్ సిస్టమే ఇంకను డిస్కులో నిద్రించుచున్నది. దానిని తెచ్చువారెవరు? బూట్లకుండు తోలుపట్టీలను పట్టుకొని తన్ను తాను పైకెత్తుకొనుట వంటిది ఈ చిక్కు. ఆ పట్టీల పేరునుండియే 'బూట్' అను మాట ఈ శాస్త్రమున వాడుకలోనికి వచ్చినది.

ఈ చిక్కును అంచెలంచెలుగా విప్పుదురు. కంప్యూటరు ముఖ్యఫలకముమీద ఒక చిన్న చిప్పు కలదు. విద్యుత్తు పోయినను అందలి ప్రోగ్రాము చెరగదు. మొదట మేలుకొనునది అదియే. 1981లో వెలువడిన ఐబీఎమ్ పీసీలో దీనికి బయాస్ అని పేరు. బయాస్ పద్ధతిలో ఈ చిప్పు డిస్కుమీది మొట్టమొదటి గదిని మాత్రమే చదువును. ఆ గది పరిమాణము 512 బైట్లు. అందు 446 బైట్లు ఆదేశములకు, 64 బైట్లు డిస్కు విభాగముల పట్టికకు, చివరి 2 బైట్లు ఒక గుర్తుకు కేటాయింపబడినవి. అంత చిన్న చోట పెద్ద పని చేయుట అసాధ్యము. కనుక అది తరువాతి ప్రోగ్రామును పిలిచి తప్పుకొనును.

నేటి యంత్రములలో ఆ చోటును యూఈఎఫ్ఐ అను పద్ధతి ఆక్రమించినది. ఇందు ఒక చిన్న విభాగము ప్రత్యేకముగా ఉండును. విండోస్ ఎక్కించునప్పుడు దానికి సాధారణముగా 100 మెగాబైట్ల స్థలము ఇచ్చుట కలదు. ఆపరేటింగ్ సిస్టమును లేపు ప్రోగ్రాములు ఆ విభాగములోనే ఉండును.

పద్ధతి ఏదైనను, తరువాత వచ్చునది బూట్ మేనేజరు. 2007లో ప్రజలకు అందిన విండోస్ విస్టా మొదలు ఈ మేనేజరు బీసీడీ అను ఒక పట్టికను చూచి నడచుకొనుచున్నది. ఏ విండోస్ ఏ విభాగములో ఉన్నది, ముందు దేనిని లేపవలెను, ఎన్ని సెకన్లు వేచియుండవలెను అను విషయములు ఆ పట్టికలో ఉండును. పట్టికలో ఒకే పేరున్నచో మేనేజరు ఏమియు అడుగక దానిని లేపును. రెండున్నచో మనలను అడుగును.

రెండు పేర్లు ఎట్లు వచ్చినవి?

విండోస్‌ను పాతది ఉన్న విభాగములోనే, దానిని చెరపకుండ ఎక్కించినచో, పాత ఫైళ్లు విండోస్ డాట్ ఓల్డ్ అను ఫోల్డరులోనికి చేరును. వేరొక విభాగములో గాని, వేరొక డిస్కులో గాని ఎక్కించినచో పాతది ఉన్నచోటనే ఉండిపోవును. ఎక్కించు ప్రోగ్రాము యంత్రములో అదివరకే ఉన్న పట్టికను కనుగొని, అందు క్రొత్త పేరును చేర్చును. పాత పేరును కొట్టివేయదు. పాతది యజమానికి కావలెనో అక్కరలేదో దానికి తెలియదుగదా!

ఇందు మనము గమనింపవలసినది ఒకటి కలదు. పేరు వేరు, ఇల్లు వేరు, పట్టిక వేరు. పూర్వము గ్రామములలో భూముల లెక్కలు కరణముగారి ఇంట ఉండెడివి. లెక్కలో ఒక పేరు కొట్టివేసినంత మాత్రమున ఆ పేరుగలవాని ఇల్లు కూలదు. ఇల్లు కూలినంత మాత్రమున లెక్కలో పేరు పోదు. కాని లెక్కలు బయటికి తీయకుండ కరణముగారి ఇల్లే పడగొట్టినచో ఊరందరి లెక్కలును పోవును. కంప్యూటరులో పాత విండోస్ ఉన్న డిస్కు అనేక పర్యాయములు కరణముగారి ఇల్లే. క్రొత్త విండోస్ వేరొక డిస్కులో ఉన్నను, దానిని లేపు పట్టిక పాత డిస్కులోనే ఉండును.

పేర్లలోని తికమక

పట్టిక ఎచ్చట ఉన్నదో విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ చూపును. అందు విభాగముల ప్రక్కన 'సిస్టమ్' అనియు, 'బూట్' అనియు గుర్తులుండును. 'బూట్' అనునది లేపు ప్రోగ్రాములున్న చోటని మనము అనుకొందుము. కాని వాడుక తలక్రిందులుగా ఉన్నది. లేపు ప్రోగ్రాములు, పట్టిక ఉన్న విభాగము 'సిస్టమ్'. నడచుచున్న విండోస్ ఉన్న విభాగము 'బూట్'.

అక్షరములను కూడ నమ్మరాదు. మనము క్రొత్త విండోస్‌లో ఉన్నప్పుడు అది తన విభాగమును 'సి' అనును. పాతదానిలోనికి పోయినచో అదియు తన విభాగమును 'సి' అనవచ్చును. కనుక విభాగములను పరిమాణమునుబట్టియు, అందలి ఫైళ్లనుబట్టియు గుర్తింపవలెను.

సవరించు క్రమము

మొదట, ఉంచదలచిన విండోస్‌లోనికి పోయి, పాతదానిలోని ఫొటోలు, పత్రములు మొదలగు వానిని వేరొక బయటి డిస్కుమీదికి ఎక్కించి, అవి తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను. డిస్కు బిట్‌లాకరుతో భద్రపరచబడి ఉన్నచో 48 అంకెల రికవరీ కీని ముందే వ్రాసికొని ఉంచుకొనవలెను.

రెండవది, 'సిస్టమ్' గుర్తు ఎచ్చట ఉన్నదో చూడవలెను. అది క్రొత్త విండోస్ ఉన్న డిస్కుమీదనే ప్రత్యేక విభాగముగా ఉన్నచో చింత లేదు, దానిని ముట్టుకొనరాదు. అది పాత విండోస్ విభాగముమీదనో, పాత డిస్కుమీదనో ఉన్నచో, క్రొత్తదానికి వేరుగా లేపు ప్రోగ్రాములు, పట్టిక కల్పింపవలెను. విండోస్‌తోపాటు వచ్చు బీసీడీబూట్ అను ఆదేశము ఈ పని చేయును. యూఈఎఫ్ఐ యంత్రములలో ఇందుకై క్రొత్త డిస్కుమీద ముందుగా ఫ్యాట్32 పద్ధతిలో ఒక చిన్న విభాగము ఏర్పరచవలెను. క్రొత్త విండోస్‌లో ఇంకను ఏమియు చేర్చనివారు పాత డిస్కును ఊడదీసి, మరియొకసారి ఎక్కించుకొనుట ఇంతకంటె సులభము.

మూడవది పరీక్ష. పాతది వేరు డిస్కైనచో, యంత్రమును ఆపి, విద్యుత్తు తీసి, ఆ డిస్కు తీగలను ఊడదీసి, మరల తెరచి చూడవలెను. క్రొత్తది తనంతట తాను లేచినచో అది స్వతంత్రమైనదని రుజువైనది. లేవనిచో నష్టమేమియు లేదు. తీగలను మరల తగిలించిన మునుపటివలెనే లేచును. చెరపుటకు ముందు చేయు పరీక్షకు ఇదియే విలువ.

నాలుగవది పేరును తొలగించుట. ముందుగా బీసీడీఎడిట్ అను ఆదేశముతో పట్టికకు ఒక నకలు తీసి ఉంచవలెను. తరువాత ఎమ్‌ఎస్‌కాన్ఫిగ్ తెరచి 'బూట్' పుట చూచినచో పేర్లన్నియు కనిపించును. నడచుచున్నదాని ప్రక్కన 'కరెంట్ ఓఎస్' అని ఉండును. 'డిఫాల్ట్' గుర్తు కూడ దానికే ఇచ్చి, రెండవ పేరును తొలగింపవలెను. దీనితో ప్రశ్న పోవును. పాత ఫైళ్లు మాత్రము ఇంకను ఉన్నచోటనే ఉండును.

కొన్ని దినములు యంత్రమును వాడి, ఏ ఫైలు కొఱకును పాతదానిలోనికి పోవలసిన అవసరము రాలేదని తేలిన పిమ్మటనే ఆ విభాగమును చెరపి స్థలమును వాడుకొనవలెను.

అంతయు తలక్రిందులుగా చేసి, యంత్రము లేవని స్థితి వచ్చినచో, డిస్కును మరల మరల చెరపరాదు. క్రొత్త విండోస్ ఫైళ్లు చాలవరకు క్షేమముగానే ఉండును; పోయినది వానికి దారి చూపు పట్టిక మాత్రమే. విండోస్ ఎక్కించు యూఎస్‌బీతో యంత్రమును లేపి, అందలి మరమ్మతు భాగమునుండి బీసీడీబూట్ ద్వారా పట్టికను మరల కల్పింపవచ్చును. అచ్చట విభాగముల అక్షరములు మరల మారియుండవచ్చును గనుక, విండోస్ ఫోల్డరు ఏ అక్షరముక్రింద ఉన్నదో ముందు చూచుకొనవలెను.

పేరు తొలగించుటకు ఒక నిమిషము చాలును. పట్టిక ఎచ్చట ఉన్నదో చూచుటకు మరి అయిదు నిమిషములు పట్టవచ్చును. ఆ అయిదు నిమిషములను ముందు వెచ్చించినవారికి రెండు విండోసులు ఒక చిన్న చిక్కు మాత్రమే.