బొమ్మసంద్ర దాకా వచ్చిన మెట్రో: హోసూరు ఇళ్లలో మారే లెక్క

తెల్లవారకముందే హోసూరు బస్టాండులో సందడి మొదలవుతుంది. బాగలూరు, బేరికె, సూళగిరి, మత్తిగిరి వైపుల నుండి వచ్చినవారు బెంగళూరు బస్సుల కోసం నిరీక్షిస్తుంటారు. వారిలో కర్మాగారాలకు పోయే యువకులు ఉంటారు, కళాశాల విద్యార్థినులు ఉంటారు, గుండె పరీక్షలకు జయదేవ ఆసుపత్రికి బయలుదేరిన పెద్దలు ఉంటారు. హోసూరు నుండి బెంగళూరు దూరం దాదాపు నలభై కిలోమీటర్లే. అయితే ఆ నలభై కిలోమీటర్లకు ఒకనాడు గంటన్నర పడితే మరొకనాడు రెండున్నర గంటలు పడుతుంది. ఏనాడు ఎంత పడుతుందో బస్సు ఎక్కేటప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఈ అనిశ్చితి కారణంగానే ఎన్నో సరిహద్దు కుటుంబాలలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. ఉద్యోగం దొరికిన కొడుకో కూతురో రోజూ ఇంటి నుండి తిరగాలా, లేక నగరంలో గది తీసుకొని ఉండాలా? గది తీసుకుంటే జీతంలో పెద్ద భాగం అద్దెకే పోతుంది. తిరిగితే నిద్ర పోతుంది, ఆరోగ్యం పోతుంది. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర వరకు వచ్చిన మెట్రో రైలు ఈ ప్రశ్నకు సమాధానం కాగలదా? కొందరికి కాగలదు, కొందరికి కాదు. ఎవరికి ఎంతవరకు అన్నది తెలియాలంటే ఆ మార్గం ఎలా పనిచేస్తుందో తెలియాలి.

పసుపు మార్గం స్వరూపం

బెంగళూరు మెట్రో మొదటి దశలో తొలి భాగం 2011 అక్టోబరు 20న బైయప్పనహళ్లి, ఎం.జి. రోడ్డు మధ్య ప్రారంభమయింది. నగరం నడిబొడ్డున కొంత దూరం భూగర్భంలోను, తక్కిన చోట్ల స్తంభాల మీదను సాగే ఈ రైలుమార్గాలు ఆ తరువాత నాలుగు దిక్కులకు విస్తరించాయి. 2023లో ఊదా మార్గం తూర్పున వైట్‌ఫీల్డు వరకు పూర్తయింది. దక్షిణాన హోసూరు రోడ్డు వెంబడి వచ్చినదే పసుపు మార్గం. కన్నడ ఫలకాల మీద దీని పేరు 'హళది మార్గ'. ప్రధానమంత్రి నరేంద్ర మోదీ దీనిని 2025 ఆగస్టు 10న ప్రారంభించారు. మరునాటి నుండి ప్రజలు ప్రయాణం సాగించారు.

ఈ మార్గం పొడవు 19.15 కి.మీ., స్టేషన్లు 16. జయనగర సమీపంలోని ఆర్.వి. రోడ్డు వద్ద మొదలై రాగిగుడ్డ, జయదేవ ఆసుపత్రి, బి.టి.ఎం. లేఅవుట్, సిల్క్‌బోర్డు, బొమ్మనహళ్లి, కూడ్లుగేటు, ఎలక్ట్రానిక్ సిటీ, హెబ్బగోడి మీదుగా బొమ్మసంద్రకు చేరుతుంది. పూర్తిగా స్తంభాల మీదనే సాగుతుంది. ఈ చివరి నుండి ఆ చివరకు దాదాపు 35 నిమిషాలు. ఆర్.వి. రోడ్డులో దిగి ఆకుపచ్చ మార్గం ఎక్కితే లాల్‌బాగ్, కె.ఆర్. మార్కెట్, మెజెస్టిక్ చేరవచ్చు. మెజెస్టిక్‌లో మళ్లీ మారితే వైట్‌ఫీల్డు, కెంగేరి వైపు పోవచ్చు.

రోడ్డు ఎందుకు చాలలేదు?

హోసూరు రోడ్డు రద్దీకి ఇంతకుముందే ఒక వైద్యం జరిగింది. సిల్క్‌బోర్డు వైపు నుండి ఎలక్ట్రానిక్ సిటీ వరకు దాదాపు పది కిలోమీటర్ల పైవంతెన 2010 జనవరిలో ప్రారంభమయింది. దానివలన కొంత మేలు జరిగిన మాట నిజమే. కాని రోడ్డు ఖాళీగా కనబడగానే, అంతవరకు కారు బయటకు తీయనివారు తీశారు. దూరంగా ఇల్లు కట్టుకోవడానికి వెనుకాడినవారు కట్టుకున్నారు. పైవంతెన దిగిన చోట, అంటే సిల్క్‌బోర్డు కూడలిలో, వాహనాలన్నీ మళ్లీ ఒకే ఇరుకులో కలిశాయి. కాలువను మధ్యలో ఎంత వెడల్పు చేసినా తూము ఇరుకైతే నీరు నిలిచిపోతుంది కదా!

మెట్రో రైలుకు ఈ చిక్కు లేదు. దాని దారి దానిదే. వాన కురిసినా, లారీ అడ్డంగా నిలిచిపోయినా, సిల్క్‌బోర్డు కింద వాహనాలు కదలకపోయినా, పైన రైలు తన వేళకు పోతుంది. ఆరు పెట్టెల రైలు ఒకదానిలో సుమారు 1,500 మంది పడతారు. ముప్పై బస్సుల జనాన్ని అది ఒక్కసారిగా తరలిస్తుంది. వేగం కంటె కూడా, పట్టే కాలం ముందుగా తెలియడమే ప్రయాణికుడికి దక్కే పెద్ద లాభం. తొమ్మిదికి హాజరు కావలసిన ఉద్యోగి, ఆలస్యమవుతుందేమోనన్న భయంతో గంట ముందు బయలుదేరుతాడు. ఆ భయం తగ్గితే ఆ గంట అతనికి తిరిగి దక్కుతుంది.

డెబ్బైఅయిదు నిమిషాల లెక్క

ఏ మెట్రో మార్గమైనా ఎంత ఉపయోగమో తెలుసుకోవడానికి మొదట అడగవలసిన ప్రశ్న ఒకటుంది: రైలుకు రైలుకు మధ్య వ్యవధి ఎంత?

పసుపు మార్గంలో ఒక రైలు బొమ్మసంద్రలో బయలుదేరి, ఆర్.వి. రోడ్డు చేరి, దిశ మార్చుకొని మళ్లీ బొమ్మసంద్రకు రావడానికి దాదాపు 75 నిమిషాలు పడుతుంది. మార్గంలో ఎన్ని రైళ్లు తిరుగుతుంటే ఈ 75ను అంతతో భాగించాలి. ప్రారంభంలో, అంటే 2025 ఆగస్టులో, ఉన్నవి మూడే రైళ్లు. 75ను 3తో భాగిస్తే 25. అందుకే ఆనాడు 25 నిమిషాలకు ఒక రైలు నడిచింది. సెప్టెంబరులో నాలుగవ రైలు చేరగానే వ్యవధి 19 నిమిషాలకు, నవంబరులో అయిదవది చేరగానే 15 నిమిషాలకు తగ్గింది. ఇదే లెక్కన పదిహేను రైళ్లు తిరిగితే అయిదు నిమిషాలకు ఒకటి వస్తుంది.

స్తంభాలు, పట్టాలు, స్టేషన్లు సిద్ధమైన తరువాత కూడా ఈ మార్గం చాలా కాలం ఖాళీగా ఉండడానికి కారణం రైలు పెట్టెలు వేళకు అందకపోవడమే. మార్గం వేసినంత మాత్రాన పని పూర్తి కాదు. నడిపే రైళ్ల సంఖ్యను బట్టే దాని విలువ. పాతిక నిమిషాలకు ఒకటి వచ్చే రైలు కళ్ల ముందే తప్పిపోతే, ప్రయాణికుడు కిందికి దిగి బస్సే ఎక్కుతాడు. అయిదు నిమిషాలకు ఒకటి వస్తే గడియారం చూడవలసిన పనే లేదు.

ఎవరికి మేలు, ఎవరికి కాదు?

హోసూరు వైపు నుండి వచ్చేవారికి బొమ్మసంద్ర వరకు బస్సు తప్పదు. జూజువాడి, అత్తిబెలె, చందాపుర దాటి రావాలి. అత్తిబెలె, చందాపురలలో ఇరుకు మామూలే. ఇక్కడ మార్గం మారడం లాభమా కాదా అన్నది గమ్యాన్ని బట్టి ఉంటుంది.

ఎలక్ట్రానిక్ సిటీకో హెబ్బగోడికో పోయేవారికి మెట్రోతో పెద్ద ప్రయోజనం లేదు. బస్సు ఎలాగూ ఆ దారినే పోతుంది. మధ్యలో దిగి, మెట్లెక్కి, రైలు కోసం నిలబడి, మూడు నాలుగు స్టేషన్లలో దిగిపోవడం వలన కలిసివచ్చే కాలం స్వల్పం.

సిల్క్‌బోర్డు దాటి పోయేవారి సంగతి వేరు. జయదేవ ఆసుపత్రికి పోవలసిన ఒక వృద్ధుణ్ణి ఉదాహరణగా తీసుకుందాం. హోసూరు నుండి బొమ్మసంద్రకు బస్సులో 35 నిమిషాలు, స్టేషనులోకి వెళ్లడానికి 10, రైలు కోసం 7, రైలులో 30 నిమిషాలు అనుకుంటే మొత్తం గంటా ఇరవై రెండు నిమిషాలు. ఇందులో అటూ ఇటూ అయ్యేది ప్రధానంగా బస్సు భాగమే. తక్కినది దాదాపు ఖాయం. పైగా రద్దీ మరీ ఎక్కువగా ఉండే భాగంలో కుదుపులు లేకుండా పోవచ్చు. లిఫ్టు, ఎస్కలేటరు ఉండడం మోకాళ్ల నొప్పులవారికి పెద్ద ఊరట.

జయదేవ వద్ద మరొక మార్గం కూడా కలుస్తుంది. కాళేన అగ్రహార నుండి నాగవార వరకు సంకల్పించిన గులాబీ మార్గంలో, డెయిరీ సర్కిల్ నుండి నాగవార వరకు 13.76 కి.మీ. భూగర్భంలోనే సాగుతుంది. సిల్క్‌బోర్డు వద్ద కె.ఆర్. పురం మీదుగా విమానాశ్రయానికి పోయే నీలి మార్గం కలుస్తుంది. ఈ రెండు కూడళ్లు పూర్తిగా అమరినప్పుడు పసుపు మార్గం విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒంటరి మార్గం ఒక వీధికే ఉపయోగపడుతుంది, కలిసిన మార్గాలు ఊరంతటికీ ఉపయోగపడతాయి.

పూల రైతులకు, కూరగాయల వారికి మాత్రం ఇది దారి కాదు. హోసూరు గులాబీలు కె.ఆర్. మార్కెట్టుకు చేరవలసినవే అయినా, పెద్ద మూటలు, బుట్టలు మెట్రోలోనికి అనుమతించరు. రాత్రి షిఫ్టువారు కూడా చివరి రైలు వేళ తెలుసుకొనే ఏర్పాట్లు చేసుకోవాలి.

ఖర్చు సంగతి

2025 ఫిబ్రవరిలో బెంగళూరు మెట్రో ఛార్జీలు పెరిగాయి. కనిష్ఠం రూ. 10 గానే ఉండగా, గరిష్ఠం రూ. 60 నుండి రూ. 90కి చేరింది. స్మార్ట్‌కార్డు ఉన్నవారికి కొంత రాయితీ ఉంది. అయితే రోజూ రెండు పూటలా తిరిగేవారు బస్సు ఛార్జీని, మెట్రో ఛార్జీని కలిపి, నెలకు ఇరవై అయిదు రోజులతో గుణించి చూసుకోవాలి.

సరిహద్దువారికి మరొక భేదం కూడా ఉంది. 2023 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం ప్రవేశపెట్టిన 'శక్తి' ఉచిత బస్సు పథకం కర్ణాటక వాసులైన మహిళలకే వర్తిస్తుంది. హోసూరు చిరునామా ఉన్న యువతి, అత్తిబెలె యువతి పక్కపక్కన కూర్చొని ఒకే బస్సులో ప్రయాణించినా, ఒకరికి టిక్కెట్టు డబ్బు ఉంటుంది, మరొకరికి ఉండదు. మెట్రోలో మాత్రం ఇద్దరూ సమానమే. ఇద్దరూ చెల్లించవలసిందే.

సరిహద్దు దాటని పట్టాలు

పసుపు మార్గాన్ని హోసూరు వరకు పొడిగించాలన్న కోరిక చాలా కాలంగా ఉంది. తమిళనాడు తరఫున చెన్నై మెట్రో సంస్థ సాధ్యాసాధ్యాల అధ్యయనం చేయించింది. ఇరవై కిలోమీటర్లకు పైబడిన ఈ మార్గంలో దాదాపు సగం కర్ణాటకలో, సగం తమిళనాడులో పడుతుంది.

చిక్కు ఎక్కడంటే విద్యుత్తు దగ్గర. బెంగళూరు మెట్రో పట్టాల పక్కన ఉండే మూడవ పట్టా నుండి 750 వోల్టుల ఏకముఖ విద్యుత్తును తీసుకుంటుంది. చెన్నై మెట్రో పైతీగ నుండి 25,000 వోల్టుల విద్యుత్తును తీసుకుంటుంది. హోసూరు మార్గాన్ని చెన్నై పద్ధతిలో నిర్మిస్తే ఒక రైలు రెండవ దానిలో నడవదు. ఈ భేదం వలన రెండింటిని కలపడం సాంకేతికంగా సాధ్యం కాదని బెంగళూరు మెట్రో సంస్థ 2025లో అభిప్రాయపడినట్లు పత్రికలలో వార్తలు వచ్చాయి. దీనికి తోడు ఖర్చు ఎవరు భరించాలి, ఆదాయం ఎలా పంచుకోవాలి అన్న ప్రశ్నలూ ఉన్నాయి.

రాష్ట్రాల హద్దు దాటడం మాత్రం అసాధ్యమేమీ కాదు. ఢిల్లీ మెట్రో 2009లో ఉత్తరప్రదేశ్‌లోని నోయిడాకు, 2010లో హర్యానాలోని గుడ్‌గావ్‌కు చేరింది. ప్రభుత్వాలు ఒక మాట మీదికి వచ్చిన చోట పట్టాలు హద్దును దాటాయి.

అంతవరకు చేయదగిన పనులు తక్కువ ఖర్చులోనే ఉన్నాయి. హోసూరు నుండి బొమ్మసంద్ర స్టేషను వాకిట వరకు రైళ్ల వేళలకు తగినట్లు బస్సులు నడపడం మొదటిది. హోసూరు, హీలలిగె, కార్మెలారం, బైయప్పనహళ్లి రైలుమార్గంలో ఉదయం, సాయంత్రం మరిన్ని రైళ్లు నడపడం రెండవది. బైయప్పనహళ్లిలో దిగినవారికి ఊదా మెట్రో సమీపంలోనే అందుతుంది. గ్రామసభలలోను, ప్రజాప్రతినిధుల వద్దను అడగవలసినవి ముందుగా ఇవే.

ఇంటివారు చూసుకోవలసినది

కనుక గది తీసుకోవాలా, రోజూ తిరగాలా అన్న ప్రశ్నకు ఇల్లిల్లూ తన లెక్క తాను వేసుకోవాలి. ఇంటి గడప నుండి పని చోటి గడప వరకు పట్టే కాలాన్ని లెక్కించాలే గాని, రైలులో కూర్చొనే కాలాన్ని మాత్రమే కాదు. ఒక వారం పాటు పని వేళల్లో ప్రయాణించి చూడడం మంచిది. అందులో అన్నిటికంటె ఆలస్యమైన రోజును పట్టుకొని నిర్ణయించాలి. ఆ రోజు కూడా రాత్రి భోజనం వేళకు పిల్లలు ఇల్లు చేరగలిగితే, నగరంలో అద్దె గది అవసరం లేదు. చేరలేకపోతే, మెట్రో వచ్చిందన్న సంబరంతో వారిని రోజూ తిప్పడం సబబు కాదు.

బొమ్మసంద్రలో ఆగిన పట్టాలకు, హోసూరు బస్టాండుకు మధ్య ఉన్నది దాదాపు పదిహేను కిలోమీటర్ల రోడ్డు. ఆ దూరాన్ని వేళ తప్పకుండా దాటించే ఏర్పాటు జరిగిన నాడే ఈ మార్గం సరిహద్దు ఇళ్లకు నిజంగా చేరినట్లు.