పొగ వస్తే ఇంజిన్ పోయినట్టేనా?

* విప్పే ముందు చూడాల్సినవి ఎన్నో
* బ్రీదర్ గొట్టం మూసుకుపోయినా ఆయిల్ కారుతుంది
* చిన్న లోపానికి పెద్ద మూల్యం చెల్లిస్తున్న వాహనదారులు

విజయవాడ: కోతల సమయంలో ట్రాక్టరు ఆయిల్ కక్కుతుంది. కిరాయికి తిరిగే ఆటో ఉన్నట్టుండి పొగ చిమ్ముతుంది. హడావుడిగా షెడ్డుకు తీసుకెళితే ‘ఇంజిన్ బోరుకొచ్చింది, దించాల్సిందే’ అన్న మాట వినిపిస్తుంది. వాహనమే జీవనాధారమైన కుటుంబానికి ఆ మాట పిడుగుపాటు. మరమ్మతు ఖర్చుకు అప్పు చేయాలి. వాహనం షెడ్డులో ఉన్నన్నాళ్లూ రాబడి ఉండదు. ఇంత చేసి ఇంజిన్ బిగించాక నెల తిరక్కుండానే అదే చోట ఆయిల్ కారితే రైతు ఎవరితో మొర పెట్టుకోవాలి?

ఇలాంటి సందర్భాల్లో దోషం ఇంజిన్ లోపల కాక, బయట కనిపించే చిన్న గొట్టంలోనో, జాలీలోనో, ట్యాంకు మూతలోనో ఉండే అవకాశం తక్కువేమీ కాదు. ఇంజిన్ విప్పడం చివరి మెట్టు కావాలి తప్ప మొదటిది కారాదు. ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టి, ఖర్చుతో కూడిన దాని వద్దకు క్రమంగా వెళ్లడమే సరైన పద్ధతి.

ఇంజిన్‌కూ ఊపిరి కావాలి

సిలిండరులో ఇంధనం మండినప్పుడు పుట్టే వాయువుల్లో కొంత భాగం పిస్టన్ రింగుల పక్కనుంచి కింద ఉన్న ఆయిల్ గదిలోకి జారుతుంది. కొత్త ఇంజిన్‌లోనూ ఇది సహజమే. ఈ వాయువులు బయటపడేందుకు ఏర్పాటు చేసిన దారే బ్రీదర్. పాత ట్రాక్టర్లలో ఈ గొట్టం నేరుగా గాలిలోకి తెరుచుకుని ఉంటుంది. పెట్రోలు కార్లలో పీసీవీ వాల్వు అనే చిన్న కవాటం ఆ వాయువులను తిరిగి సిలిండరులోకే పంపి మండిస్తుంది. ద్విచక్ర వాహనాల్లో గొట్టం ఎయిర్ ఫిల్టర్ పెట్టెకు కలుస్తుంది.

దమ్ము చేసేటప్పుడు బురద పట్టినా, వాడకుండా ఉంచిన ట్రాక్టరు గొట్టంలో పురుగులు మట్టిగూడు కట్టినా, లోపలి తీగ జాలీ జిడ్డుతో బిగుసుకున్నా ఈ దారి మూసుకుపోతుంది. బయటికి పోలేని వాయువు లోపలే ఒత్తిడి పెంచుతుంది. ఆ ఒత్తిడికి ఆయిల్ సీళ్లు, టాపెట్ కవర్ గాస్కెట్ల వద్ద ఆయిల్ చిమ్ముతుంది. ఒక్కోసారి ఆయిల్ గేజీ పుల్ల తనంతట తానే పైకి లేస్తుంది. కారణం వదిలేసి సీళ్లు మాత్రమే మార్చితే కొత్తవీ నిలవవు.

పరీక్ష ఇలా

వాహనాన్ని చదునైన నేలపై నిలిపి, ఇంజిన్ ఆపి, కొన్ని నిమిషాల తర్వాత ఆయిల్ మట్టం చూడాలి. పై గీత దాటి పోస్తే తిరిగే క్రాంకు ఆయిల్‌ను నురగగా మార్చి బ్రీదర్ గుండా బయటకు నెడుతుంది. ఆయిల్ ఎక్కువైనందుకు వచ్చిన పొగను రింగుల అరుగుదలగా పొరబడటం కద్దు. పోయకుండానే మట్టం పెరిగి, గేజీ పుల్లకు డీజిల్ వాసన వస్తే మరింత జాగ్రత్త అవసరం. ఫీడ్ పంపు పొర చిరిగిగానీ, నాజిల్ కారిగానీ డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. పలుచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. కారణాన్ని సరిచేసి, ఆయిల్ మార్చే వరకు బండి నడపరాదు.

తరువాత ఇంజిన్‌ను నిదానంగా నడిపి, ఆయిల్ పోసే మూతను జాగ్రత్తగా తీయాలి. సన్నగా ఆవిరి రావడం సహజం. గాలి దడదడా తన్నుకొస్తుంటే బ్రీదర్ గొట్టం విప్పి, జాలీని కిరోసిన్‌తోగానీ డీజిల్‌తోగానీ కడిగి, ఆరబెట్టి బిగించి మళ్లీ చూడాలి. అప్పటికి ఒత్తిడి తగ్గితే దోషం బ్రీదర్‌దే. తగ్గకపోతేనే రింగులను అనుమానించాలి.

కార్లలో పీసీవీ వాల్వును బయటకు తీసి ఊపితే లోపలి భాగం కదిలిన చప్పుడు రావాలి. గొట్టం చివర వేలు పెడితే లోపలికి లాగినట్టు తెలియాలి. వాల్వు మూసుకుపోతే ఆయిల్ త్వరగా మడ్డిగా మారుతుంది. తెరిచి ఉండిపోతే ఇంజిన్ నిలకడగా తిరగదు, ఆయిల్ ఖర్చు పెరుగుతుంది. ఇంజిన్ ధరతో పోలిస్తే ఈ వాల్వు ధర ఎంతో స్వల్పం.

చాలా ద్విచక్ర వాహనాలకు బ్రీదర్ నుంచి కిందికి వేలాడే చిన్న రబ్బరు గొట్టం, దాని చివర బిరడా ఉంటాయి. అందులో నీరు, ఆయిల్ కలిసిన మడ్డి చేరుతుంది. వానల్లో ఎక్కువగా తిరిగినప్పుడు, బండిని కడిగించిన తర్వాత దాన్ని తీసి ఖాళీ చేయాలి. లేకుంటే మడ్డి ఎయిర్ ఫిల్టర్‌కు చేరుతుంది.

రంగును బట్టి రోగం

పొగ రంగు సగం రోగాన్ని చెబుతుంది. నల్లపొగ అంటే ఇంధనం ఎక్కువైందని లేదా గాలి చాలలేదని అర్థం. ముందుగా చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్‌నే. నూర్పిళ్ల దుమ్ములో పనిచేసే ట్రాక్టరుకు ఫిల్టర్ శుభ్రత రోజువారీ పని. ఆయిల్ తొట్టి ఉండే రకంలో గుర్తు వరకే ఆయిల్ ఉండాలి, మట్టి పేరుకుంటే మార్చాలి. కాగితపు ఫిల్టర్‌ను లోపలి నుంచి బయటికి తక్కువ ఒత్తిడి గాలితో ఊదాలి, నీటితో కడగరాదు. ఆ తర్వాతే నాజిళ్లు, పంపు సంగతి. పెట్రోలు బండ్లలో చోక్ బిగుసుకోవడం, కార్బొరేటర్‌లో పెట్రోలు మట్టం పెరగడం కూడా నల్లపొగకు కారణాలే.

నీలిపొగ ఆయిల్ మండుతున్నదనడానికి గుర్తు. బండి చాలాసేపు నిలిచి ఉన్నాక స్టార్టు చేసినప్పుడే కొద్దిగా వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు అరిగి ఉండవచ్చు. వేగం పెంచినప్పుడల్లా ధారాళంగా వస్తే రింగులు, బోరు అనుమానించదగినవి. అయితే బ్రీదర్ నుంచి ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరినా ఇదే పొగ వస్తుందని మరువరాదు.

తెల్లపొగ చలి ఉదయాన కాసేపు వస్తే కలవరం అవసరం లేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా వస్తూ, రేడియేటరులో నీరు తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్ కాలి ఉండవచ్చు. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీరు కలిసిందనే లెక్క. ఇంజిన్‌ను తక్షణం ఆపాలి. డీజిల్ ఇంజిన్‌లో పచ్చి డీజిల్ వాసనతో తెల్లపొగ వస్తే నాజిల్, పంపు టైమింగ్, కంప్రెషన్ పరీక్షించాలి.

ట్యాంకులోనే తకరారు

కొంతదూరం వెళ్లి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ స్టార్టయ్యే బండికి ముందు ట్యాంకు మూత తీసి చూడాలి. మూతలోని సన్నని గాలి రంధ్రం మూసుకుపోతే ఇంధనం దిగదు. మూత వదులు చేయగానే బండి మామూలుగా నడిస్తే దోషం దొరికినట్టే.

డీజిల్ బండి ఫిల్టర్ మార్చాక, ట్యాంకు ఖాళీ అయ్యాక స్టార్టు కాకపోతే గొట్టాల్లో గాలి చేరి ఉంటుంది. ఫిల్టర్ పైనున్న బ్లీడింగ్ బోల్టు వదులు చేసి, చేతి పంపు కొడుతూ బుడగలు లేని డీజిల్ వచ్చే వరకు గాలి తీయాలి. తరచూ ఇదే జరుగుతుంటే గొట్టం పగులో, వాషరు లోపమో వెతకాలి.

పెట్రోలులో కలిపే ఇథనాల్ దేశంలో 2022 నాటికి 10 శాతానికి, 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని తనలోకి లాక్కుంటుంది. నీరు మోతాదు మించితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. ట్యాంకు అడుగు నుంచి కొద్దిగా తీసి గాజు సీసాలో ఉంచితే రెండు పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. నెలల తరబడి కదలని బండి స్టార్టు కాకపోవడానికి, నడుస్తూ మిస్సింగ్ ఇవ్వడానికి ఇదో కారణం. ఈ మిశ్రమం కోసం తయారుకాని పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, గాస్కెట్లు మెత్తబడటం, పగలడం ఉన్నాయేమో తరచూ చూసుకోవాలి. కల్తీ అనుమానం ఉంటే బంకులో ఫిల్టర్ కాగితం పరీక్ష అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది. పెట్రోలు చుక్క ఆరిపోయాక కాగితంపై మరక మిగలరాదు.

కాలుష్య పరీక్ష చీటీ చదవండి

కాలుష్య పరీక్షను చాలామంది పోలీసుల కోసం చేయించుకునే తంతుగానే చూస్తున్నారు. నిజానికి అది ఇంజిన్‌కు రక్తపరీక్ష వంటిది. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉంటే ఇంధనం ఎక్కువవుతున్నట్టు. హైడ్రోకార్బన్లు ఎక్కువగా ఉంటే ఇంధనం మండకుండానే బయటపడుతున్నట్టు. అప్పుడు ప్లగ్గు, దాని తీగ, వాల్వులు చూడాలి. బీఎస్-4 పెట్రోలు కార్లలో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించరాదన్నది నిబంధన. కొత్త వాహనానికి రిజిస్ట్రేషన్ అయిన ఏడాది తర్వాత ఈ ధ్రువపత్రం తప్పనిసరి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఉల్లంఘనకు రూ.10 వేల వరకు జరిమానాకు వీలు కల్పించింది.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాలతో వాహనాల్లో సెన్సర్లు పెరిగాయి. డాష్‌బోర్డుపై ఇంజిన్ దీపం వెలిగితే స్కానరుతో లోపసంఖ్య చదివించాలి. పి0171 వస్తే గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అని భావం. దానిని చూసి వెంటనే సెన్సర్ మార్చడం పొరపాటు. పగిలిన రబ్బరు గొట్టం, తెరిచి ఉండిపోయిన పీసీవీ వాల్వు కూడా అదే సంఖ్యను చూపించగలవు. కార్లలో పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఉంటుంది. బంకులో గన్ను ఆగాక కూడా అంచు వరకు పోయిస్తే అది పాడవుతుంది.

ప్రాణం ముఖ్యం

మూసిన షెడ్డులో ఇంజిన్ నడపరాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. గొట్టం నోట పెట్టి పెట్రోలు, డీజిల్ లాగే అలవాటు అత్యంత ప్రమాదకరం. ఊపిరితిత్తుల్లోకి చుక్క చేరినా ప్రాణం మీదికి వస్తుంది. పెట్రోలు పని చేసేటప్పుడు బీడీ, అగ్గిపుల్ల, వెలుగుతున్న దీపం దరిదాపుల్లో ఉండరాదు.

విప్పే ముందు మూడు ప్రశ్నలు

ఇంజిన్ దించాలన్న మాట వినగానే తల ఊపకుండా వాహన యజమాని మూడు ప్రశ్నలు అడగాలి. బ్రీదర్, ఎయిర్ ఫిల్టర్ చూశారా? ఆయిల్ మట్టం, రంగు, వాసన పరీక్షించారా? కంప్రెషన్ ఎంత వచ్చింది? పెట్రోలు ఇంజిన్‌లో కంప్రెషన్ తక్కువగా ఉంటే సిలిండరులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వుల వద్దో, హెడ్ గాస్కెట్ వద్దో లోపం ఉన్నట్టు. ఈ లెక్క చూపించగల మెకానిక్ బోరింగ్ చేయాలంటే నిస్సంకోచంగా చేయించవచ్చు. అరిగిన ఇంజిన్‌ను అలాగే నడపడమూ నష్టమే. కానీ లెక్క లేకుండా విప్పిన ఇంజిన్ రైతుకు, ఆటో డ్రైవరుకు మిగిల్చేది అప్పే.