సబ్బు ముఖంపై నేత అచ్చు: సిలికోన్ చాపతో పని

పట్టు నేయు ఇంటికి సబ్బు కొత్త వస్తువు కాదు. పచ్చిపట్టును సబ్బునీళ్ళలో ఉడకబెట్టి జిగురు తీయనిదే మెరుపు రాదు. ఆ ఉడుకులో నూటికి 20 నుండి 25 పాళ్ళు తూకం తగ్గును. కాని సబ్బును మన ఇంటనే పోసి, దాని ముఖంపై నగిషీ తీసి అమ్ముట వేరే పని. మగ్గం ఆడని నెలలలో కోలారు జిల్లా నేత కుటుంబాలు దీనిని చేపట్టవచ్చునా యని ఆలోచించువారికై ఈ నాలుగు మాటలు.

1916లో మైసూరు ప్రభుత్వం బెంగుళూరున నెలకొల్పిన ఫ్యాక్టరీవారి గంధపు సబ్బును, దాని శరభ ముద్రను ఎరుగనివారు లేరు. ఫ్యాక్టరీలో గట్టిపడిన సబ్బును లోహపు అచ్చుతో నొక్కుదురు. ఇంట చేయు సబ్బు చాల దినములు మెత్తగా నుండును గనుక పద్ధతి తలక్రిందులు: అచ్చునే అడుగున పరచి, దానిపై సబ్బు పాకమును పోయుదురు. ఆ అచ్చే సిలికోన్ చాప. రబ్బరువలె వంగును, కాస్టిక్ సోడాకు చెడదు, సబ్బు దానికి అంతగా అంటుకొనదు.

అయితే చాప ఎందుకు, గుడ్డనే పరచరాదా యని నేతవానికి తోచును. పట్టుగుడ్డ మాత్రము తగదు. పట్టు, ఉన్ని జంతువులనుండి వచ్చిన నారలు. ఘాటైన కాస్టిక్ నీళ్ళలో కరగిపోవును. నూలు నిలుచును గాని సబ్బులో కూరుకొని, లాగినప్పుడు ముఖమును పీకుకొని వచ్చును. ఈ కరగు గుణమునే కొందరు ఉపయోగించుకొని, చిటికెడు పట్టుతుక్కును వేడి కాస్టిక్ నీళ్ళలో కరగించి సబ్బులో కలుపుదురు. 2007లో చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయి శిడ్లఘట్ట, చింతామణి అటు పోయినను, పట్టుతుక్కు మనకు దూరపు సరుకు కాదు. జరీ కలిసిన తుక్కు మాత్రము వేయరాదు.

ఒక కిలో నూనెకు లెక్క ఇది: కొబ్బరినూనె 300 గ్రాములు, పామాయిలు 500, వేరుశనగ నూనె 200. దీనికి కాస్టిక్ సోడా 145 గ్రాములు, నీళ్ళు 290 గ్రాములు. సోడా కొంత తక్కువగానే లెక్కించినాము, ఒంటికి ఘాటు తగలకుండుటకు. కంటి అంచనా పనికిరాదు, గ్రాముల త్రాసు ఉండితీరవలెను. సోడాను నీళ్ళలో కొద్దికొద్దిగా వేయవలెను. సోడాపై నీళ్ళు పోసినచో ఎగిరి ముఖాన పడును. కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. పిల్లలు ఆ దరిదాపులకు రారాదు. అల్యూమినియం గిన్నెను సోడా తినివేయును గనుక స్టీలు గిన్నెలే వాడవలెను.

నీటి సంగతి మనవారికి చెప్పనక్కరలేదు. మన బోరునీళ్ళ గట్టిదనము వలన పట్టు ఉడికించునపుడు సబ్బు విరిగి పోగుకు తెట్టెగా అంటును గదా. ఇక్కడను అదే చిక్కు. వాననీరు గాని, బ్యాటరీలకు అమ్ము శుద్ధజలము గాని వాడుడు.

రెండును గోరువెచ్చగా నున్నప్పుడు కలిపి చిలుకవలెను. గరిటెతో పాకమును పైనుండి జార్చిన గీత క్షణకాలము నిలిచి మాయమగునప్పుడే పోయవలెను. పని చెడునది ఇక్కడే. గీత గట్టిగా నిలుచువరకు ఆగినచో పాకము అచ్చు పల్లములలోనికి దిగదు, గాలిబుడగలు నిలిచి పువ్వు రేకులు గుంటలు పడును. ముందు కొంచెము పాకమును బ్రష్షుతో అచ్చు సందులలోనికి పూసి, తరువాత తక్కినది పోసి, ట్రేను బల్లపై నాలుగుమార్లు తట్టుడు.

ఇక తొందర రెండవ శత్రువు. మరునాడే చాప లాగినచో సన్నని గీతలు చాపకే అంటుకొని పోవును. రెండు మూడు దినములు ఆగి, ఒక మూలనుండి, పైకెత్తక, వెనుకకు మడచుచు నిదానముగా ఊడదీయవలెను. సోడా కలుపకముందే నీళ్ళలో ఒక చెంచా ఉప్పు కరగించినచో సబ్బు త్వరగా బిగియును. కోయునప్పుడు నగిషీ ముఖము పైకి ఉండవలెను. తీగ బయటకు వచ్చు వైపే అంచు చిట్లును. తరువాత నాలుగు నుండి ఆరు వారములు గాలిలో ఆరబెట్టిన గాని అమ్మరాదు.

బజారు చాపలలో ఆకులు, తేనెపట్టు గళ్ళు, లేసు అల్లికలు దొరకును. పెద్ద బుటా వద్దు; కోతలో సగము ఒక బిళ్ళకు, సగము మరొక బిళ్ళకు పోవును. రుద్రాక్ష అంచువంటి చిన్న అల్లిక ఎక్కడ కోసినను చెడదు. నా మట్టుకు, బజారు చాప నేర్చుకొనుటకే గాని అమ్ముటకు కాదు. అది అందరి చేతిలోను ఉన్నదే. రెండు పాళ్ళు కలిపి పోయు సిలికోన్ కొని మన నేతనే అచ్చు తీయవచ్చును. గుడ్డను పలకపై బిగించి, వార్నిషు పట్టించి, ఆరిన పిమ్మట పలుచగా వాజిలిన్ రాసి సిలికోన్ పోయవలెను. వార్నిషు లేనిచో సిలికోన్ పోగులలో చిక్కుకొనును. సన్నని పట్టుచీర ఇందుకు తేలదు. ముతక నూలు, జంపఖానా, ఎత్తైన బుటా గల గుడ్డ బాగుగా తేలును. చాపలో తిరగబడిన అచ్చు సబ్బుమీద మరల సరియగును గనుక గుడ్డ ముఖము ఉన్నదున్నట్లే కనబడును.

అమ్మకము మాట. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడిన తరువాత రాబర్ట్‌సన్ పేట, ఆండర్సన్ పేటలనుండి ఎందరో రోజూ రైలులో బెంగుళూరు పోయి వచ్చుచున్నారు. చిన్న సరుకు అక్కడికి చేర్చుట కష్టము కాదు. కాని స్నానపు సబ్బు చట్టరీత్యా సౌందర్య సాధనము. ఇంటి వాడుకకు అడ్డు లేదు గాని, అమ్మదలచినవారు 2020 నాటి నియమముల ప్రకారము రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు పొందవలెను. ఆ ఖర్చు ఒక్క ఇంటికి బరువైనచో నలుగురు కలిసి ఒకే చోట చేయుట మేలు.

పని ముగిసిన తరువాత చాపను గోరువెచ్చని నీళ్ళతో కడిగి బల్లపరుపుగా ఉంచుడు. చుట్టి దాచినచో వంపు తిరిగి, తరువాతి సబ్బు ముఖము అలలుగా వచ్చును.