జీవశాస్త్ర విద్యార్థులకు పని అనుభవము

"వృక్షశాస్త్రముతో డిగ్రీ పూర్తిచేసిన మా అమ్మాయిని, ఎక్కడికి వెళ్ళినను అనుభవమున్నదా అని అడుగుచున్నారు. పని ఇవ్వనిదే అనుభవమెట్లు వచ్చును?" అని ఇటీవల ఒక తండ్రి నన్ను ప్రశ్నించినారు. ఆయనకు నా కథనే చెప్పినాను.

డిగ్రీ పరీక్షలు వ్రాసిన వేసవిలో జీతము లేకుండ ఒక వైద్యుని మూలికల గోదాములో చేరినాను. వచ్చిన సరుకును గుర్తించి చీటీలు అంటించుట నా పని. ఒకనాడు ఒక బస్తాలోని పట్టకు "అశోక" అని అంటించినాను. తెచ్చిన మనిషి ఆ పేరే చెప్పినాడు. మా కళాశాల గేటువద్ద వరుసగా నున్న చెట్లను మేమును అశోకములనియే పిలిచెడివారము. వైద్యులు పట్టను విరిచి చూచి, "దీని ఆకు ఎప్పుడైనను చూచితివా నాయనా?" అని అడిగినారు.

వీధులవెంట నిటారుగా పెరుగు ఆ చెట్టు నరమామిడి. దాని ఆకులు ఒంటివి, అంచులు అలలవలె నుండును. పూలు లేత ఆకుపచ్చవి. అసలైన అశోకమునకు ఒకే కాడకు అటునిటు జంటలుగా పత్రకములుండును. పూలు గుత్తులుగా పూసి, నారింజ రంగునుండి ఎరుపునకు తిరుగును. కాయ చిక్కుడువలె చపటగా నుండును. అధిక రక్తస్రావముతో బాధపడు స్త్రీలకు అశోకారిష్టము ఇచ్చుట పాఠకులెరిగినదే. నా చీటీతో ఆ బస్తా కషాయపు బానలోనికి పోయియుండినచో, ఆ తల్లులు త్రాగునది అశోకము కానేకాదు.

పట్టను మాత్రమే చూచి తేల్చుట పెద్దలకే కష్టము. అందువలన పూవుతోగాని కాయతోగాని ఉన్న కొమ్మను సేకరించి, వార్తాపత్రికల మడతల నడుమ బరువుక్రింద అదిమి, తడి ఆరువరకు ప్రతిదినము కాగితములు మార్చవలెను. (వానాకాలములో బద్ధకించి నా మొదటి కట్టనంతటిని బూజుపాలు చేసితిని.) సేకరించిన చోటు, తేదీ, ఊరివారు పిలుచు పేరు, పూవు రంగు అక్కడికక్కడే వ్రాయవలెను, ఎండిన పూవు తన రంగును నిలుపుకొనదు. పేరు తేల్చుటకు 1915 నుండి వెలువడిన గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథము నేటికిని ఉపకరించును. అడవిలో కోయుటకు అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఇంటిచుట్టునున్న మొక్కలతో మొదలిడుటయే మేలు.

ఇట్టి నమూనాలు 50 సిద్ధపరచుకొని, ఆయుర్వేద కళాశాలలోని ద్రవ్యగుణ విభాగమువారికి చూపి, రెండు నెలలు పని నేర్పుడని అడుగవలెను. జీతముండకపోవచ్చును, బస్సు ఖర్చులు ఇంటినుండియే పెట్టుకొనవలసి వచ్చును. వెళ్ళునపుడు ఏయే పని చేసినదియు వివరముగా వ్రాయించుకొనవలెను. "శిక్షణ పొందినది" అను ఒక్క వాక్యపు పత్రము ఎందుకును కొరగాదు.

మొన్న ఆ అమ్మాయి 14 నమూనాలు తెచ్చి చూపినది. రెండింటి పేర్లు తప్పు. ఏవియో నేను చెప్పలేదు. ఆమెయే మరల సరిచూచుకొనుచున్నది.