వానకోటు: వెలయు, విలువయు

కేదారనాథయాత్రకై వానకోటు కొనబోవువారు వెలలలోని భేదమును జూచి బెదరుట సహజము. డెకాథ్లాన్ వారి కెచువా కోటును, దానికి బెక్కురెట్లు వెలగల ఆర్క్‌టెరిక్స్ వారి గోర్‌టెక్స్ కోటును రెండును వాన నాపునవే. కాని కొండ నెక్కునపుడు చెమట పట్టును; అది వెలికి బోనిచో లోపలిబట్ట తడిసి, నిలిచినంతనే చలి పుట్టును. 1969లో బాబ్ గోర్ కనిపెట్టిన పొరయందలి సూక్ష్మరంధ్రములు నీటిబొట్టును రానీయవు, ఆవిరిని బోనిచ్చును. అధికమూల్యమున గొంత దీనికి, గొంత పేరునకు.

ఏటేట మంచుకొండలలో దినములతరబడి నడచువారి కది తగును. బడిపంతుల జీతముపై సాగు మావంటి యిండ్లవారు ఒక్క యాత్రకై యంత వెచ్చింప నేల? చౌకకోటునే తిరుగవేసి, కుట్లపై లోపల పట్టీ యంటించిరో లేదో చూడుడు. అది లేనిచో సూదిరంధ్రములగుండ నీరు దిగును. ఖరీదైనదానినైనను ఉదుకక మడచిపెట్టినచో చెమటజిడ్డు పట్టి ఆవిరి చక్కగా బోదు. ఈ మాట అంగడివాడు చెప్పడు.